విదేశీ ద్రవ్యము – స్వదేశీ లెక్క

ధనమార్జించుట ఒక విద్య. ఆర్జించిన ధనమునకు లెక్క చూపగలుగుట మరియొక విద్య. మొదటి విద్యలో నేటి విద్యార్థులు గురువులను మించిపోవుచున్నారు. రెండవ దానిని నేర్పువారు అరుదు. తెలుగు బోధించు మేము ఈ వార్షిక సంచికకు ఏ ప్రబంధమును గూర్చియో, ఏ కవిని గూర్చియో వ్రాయుదుమని సంపాదక వర్గమువారు తలచియుందురు. అయినను ఈసారి పన్నులను గూర్చియు, బ్యాంకు కాగితములను గూర్చియు వ్రాయ సంకల్పించితిమి. గత నాలుగైదు సంవత్సరములుగా మా గదికి వచ్చు విద్యార్థులు ఛందస్సును గూర్చి అడుగు ప్రశ్నల కన్న, విదేశములవారికి చేసిన పనికి వచ్చు సొమ్మును గూర్చి అడుగు ప్రశ్నలే అధికముగా నున్నవి. ఒకడు దుబాయిలోని అంగడికి వెబ్‌సైటు నిర్మించును. ఒకామె లండనులో అచ్చగు పిల్లల పుస్తకమునకు బొమ్మలు గీయును. మేమును పాలకవర్గము అనుమతితో, తీరిక వేళలలో, విదేశ ప్రచురణకర్తలకు ఉర్దూ, తెలుగు భాషల నడుమ అనువాదములు చేయుచున్నాము. కావున ఈ మార్గములోని మెరక పల్లములు కొంత మాకును తెలిసినవి.

భాషోపాధ్యాయునికి లెక్కలతో నేమి పని యని కొందరు నవ్వవచ్చును. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, రుసుము, దాఖలు అను మాటలు లేక తెలుగువాడు తన ఇంటి చిట్టా వ్రాయజాలడు. ఇవన్నియు అరబ్బీ, ఫారసీ భాషలలో పుట్టి, ఉర్దూ నోట పలికి, తెలుగువాని పద్దు పుస్తకములో స్థిరపడినవి. వాని ప్రక్కనే పన్ను, అప్పు అను అచ్చ తెలుగు మాటలు కూర్చున్నవి. ఈ రెండు భాషల కళాశాలలో లెక్కను గూర్చి మాటాడుట అప్రస్తుతము కాజాలదు. ఋణ వ్యవహారమును వ్రాతలో పెట్టి సాక్షుల నుంచుకొనవలెనని బోధించు వచనమే ఖుర్‌ఆన్ వచనములన్నింటిలో దీర్ఘమైనదని మన విద్యార్థులలో పలువు రెరుగుదురు. వ్రాత పట్ల అంతటి గౌరవము గల ఇండ్లలో పుట్టినవారు నోటిమాట మీద సంవత్సరముల తరబడి పని చేయుట మాకు వింతగా తోచును.

ముందుగా మా ప్రాంతపు స్థితిని చెప్పవలెను. కడప, రాయచోటి ప్రాంతములలో కువైటుకు పోయినవాడు లేని వీధి అరుదు. నెలనెల అక్కడి నుండి వచ్చు సొమ్ముతో ఇక్కడ ఇండ్లు లేచినవి, పెండ్లిండ్లు జరిగినవి, మా కళాశాలలో ఫీజులు చెల్లినవి. ఆ సొమ్ముతో పాటు ఒక నమ్మకము కూడ ఇంటింట స్థిరపడినది. "కువైటు దుడ్డుకు ట్యాక్సు లేదు" అనునదే ఆ నమ్మకము. అది అబద్ధము కాదు. కువైటులో వ్యక్తుల జీతముపై ఆదాయపు పన్ను లేదు. సంవత్సరములో అధిక భాగము అక్కడనే నివసించి, అక్కడనే పని చేయువాడు మన చట్టము దృష్టిలో సాధారణముగా ప్రవాసి. అక్కడి పనికి అక్కడ పొందిన జీతముపై అతడు ఇక్కడ పన్ను కట్టనక్కర లేదు. అతడు తల్లిదండ్రులకో, భార్యాబిడ్డలకో పోషణకై పంపు సొమ్ము వారికిని పన్ను పడు ఆదాయము కాదు.

చిక్కంతయు తండ్రి విషయమున సత్యమైన మాటను కుమారుడు తనకు అన్వయించుకొనుటలో నున్నది. తండ్రి కువైటుకు పోయి పని చేసెను. కుమారుడు ఇంటి మేడమీది గదిలో కూర్చుండి కువైటువానికి పని చేయుచున్నాడు. ఇద్దరికిని సొమ్ము వచ్చినది ఒకే దేశము నుండి. అయినను చట్టము ముందుగా అడుగు ప్రశ్న వేరు: మనిషి ఎక్కడ నివసించినాడు? అతని చేయి ఎక్కడ పని చేసినది? ఒక ఆర్థిక సంవత్సరములో 182 దినములు గాని అంతకెక్కువ గాని భారతదేశములో నున్నవాడు నివాసి. నివాసి ప్రపంచములో ఏ మూల నుండి ఆర్జించినను అది ఇక్కడి లెక్కలో చేరవలసినదే. డాలరైనను, దీనారైనను, దిర్హమైనను భేదము లేదు. ఈ ఒక్క భేదము తెలియకపోవుట వలన ఇండ్లకు ఎట్టి నష్టము కలుగుచున్నదో మేము కన్నులార చూచితిమి.

మా పూర్వ విద్యార్థి యొకడు, పేరు వ్రాయవలదని కోరినాడు గనుక వ్రాయము, మూడు సంవత్సరములు దుబాయిలోని యొక వర్తకునికి వెబ్‌సైటు పనులు చేసెను. నేర్పరి, రాత్రులు మేల్కొని పని ముగించువాడు. వర్తకుడు దిర్హములను అక్కడనున్న ఇతని మేనమామ చేతికిచ్చును. మేనమామ వానిని హుండీ మనిషికి చేర్చును. రెండు దినములలో ఇక్కడ ఒకడు వచ్చి రూపాయల కట్ట ఇచ్చి పోవును. రసీదు లేదు, రుసుము లేదు, ప్రశ్న లేదు. బ్యాంకు ధర కన్న కొంత ఎక్కువే చేతికి వచ్చుచున్నదని ఇంటివారందరును సంతోషించిరి. అంతలో తండ్రి ఆరోగ్యము చెడి కువైటు నుండి తిరిగి వచ్చెను. కట్టుచున్న ఇల్లు సగము గోడలతో నిలిచిపోయెను. కుమారుడు గృహ ఋణమునకు దరఖాస్తు పెట్టుకొనగా, బ్యాంకువారు మూడు సంవత్సరముల ఆదాయపు పన్ను రిటర్నులు అడిగిరి. అతడు మా గదికి వచ్చి చాలసేపు మాటాడక కూర్చుండెను. పిమ్మట ఇట్లనెను: "మూడేండ్ల పని ఉంది సార్. మూడేండ్ల కాగితం లేదు."

ఇతడు దొంగ కాడు. కష్టించి పని చేసినవాడు. కాని ఆ కష్టమునకు సాక్ష్యము లేదు. పైగా సొమ్ము వచ్చిన త్రోవయే చట్టమునకు విరుద్ధము. 1973 నాటి ఫెరా చట్టము విదేశీ మారకమును నేర దృష్టితో చూచెడిది. దాని స్థానములో వచ్చిన 1999 నాటి ఫెమా చట్టము 2000 జూన్ 1 నుండి అమలులోనికి వచ్చి, ఆ కాఠిన్యమును చాలవరకు సడలించినది. అయినను విదేశములో నున్నవాని తరపున వచ్చు చెల్లింపును అధికారము పొందిన బ్యాంకు వంటి మార్గమున గాక వేరు విధముగా పుచ్చుకొనరాదని ఫెమా కూడ శాసించుచున్నది. అతిక్రమించినచో, ఆ మొత్తమునకు మూడు రెట్ల వరకు జరిమానా విధింపవచ్చును. హుండీవాడు ఆదా చేసి ఇచ్చిన కొద్ది రూపాయల వెనుక ఇంత అపాయము దాగియున్నది.

ఇంతకును అతడు మిగుల్చుకొన్న పన్ను ఎంత? కాగితము తీసికొని అతని యెదుటనే లెక్క కట్టితిమి. అతని వార్షిక వసూళ్లు సుమారు 9 లక్షల రూపాయలు. న్యాయవాదులు, వైద్యులు, ఇంజనీర్లు, వాస్తుశిల్పులు, అకౌంటెంట్లు, సమాచార సాంకేతిక వృత్తివారు మొదలగు కొన్ని వృత్తులవారికి చట్టమొక సౌలభ్యమిచ్చినది. మొత్తము వసూళ్లలో సగమును ఆదాయముగా చూపిన చాలును. తక్కిన సగము ఖర్చుల క్రింద పోయినదని ప్రభుత్వమే అంగీకరించును. పద్దు పుస్తకములు చూపనక్కర లేదు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టములో ఇది 44ఏడీఏ సెక్షనుగా ప్రసిద్ధము. 2026 ఏప్రిల్ 1 నుండి అమలగునట్లు 2025లో చేసిన కొత్త చట్టమును ఈ పద్ధతిని నిలుపుకొన్నది. వసూళ్లు 50 లక్షలకు లోబడియున్నవారికిని, నగదు రూపమున వచ్చినది నూటికి 5 వంతులు మించనిచో 75 లక్షల వరకును ఈ సౌలభ్యము కలదు.

ఆ ప్రకారము మా విద్యార్థి ఆదాయము నాలుగున్నర లక్షలు. అతడు పని చేసిన మూడు సంవత్సరములలో ఏ సంవత్సరపు రేట్లతో కట్టినను, రిబేటు పోగా చెల్లింపవలసిన పన్ను సున్న. మేము మరల మరల కూడితిమి, తీసివేసితిమి, సున్నయే వచ్చెను. అతడు ఆ కాగితమును చేతిలోనికి తీసికొని, "సున్నా కోసమా సార్, ఇంత దాచింది?" అనెను. సత్యముగా ప్రకటించియుండినచో పన్ను లేదు, భయము లేదు. మూడు సంవత్సరముల రిటర్నులు ఇనుప పెట్టెలో భద్రముగా నుండెడివి. ఋణము రాలేదు. ఈ వ్యాసము వ్రాయు నాటికి ఆ ఇంటికి పైకప్పు లేదు. ఇప్పుడతడు సొమ్మును బ్యాంకు ద్వారానే తెప్పించుకొనుచున్నాడు. కాగితము కూడబెట్టుటకు మరల మొదటి సంవత్సరము నుండి ప్రారంభించినాడు.

ఇతర విద్యార్థుల ఉపయోగార్థము 2025-26 ఆర్థిక సంవత్సరపు కొత్త పద్ధతి రేట్లను ఉదాహరింతుము. మొదటి 4 లక్షల ఆదాయముపై పన్ను లేదు. 4 నుండి 8 లక్షల వరకు నూటికి 5. 8 నుండి 12 వరకు 10. 12 నుండి 16 వరకు 15. పై అంతరువులకు క్రమముగా హెచ్చును. కాని ఆదాయము మొత్తము 12 లక్షలు మించనిచో రిబేటు వలన పన్ను పూర్తిగా తొలగిపోవును. అనగా సగము లెక్క వర్తించు వృత్తివాడు 24 లక్షలు వసూలు చేసినను, వేరు ఆదాయము లేనిచో, పన్ను సున్న. అదే 30 లక్షలు వసూలు చేసినవానికి ఆదాయము 15 లక్షలు. పన్ను 1,05,000 రూపాయలు. దానిపై నూటికి 4 చొప్పున సెస్సు కలిపిన 1,09,200 రూపాయలు. పన్ను సున్న అయినను రిటర్ను దాఖలు చేయుట మానరాదు. ఆదాయము 4 లక్షల పరిమితిని దాటెనా, దాఖలు చేయుట విధి. దాటకున్నను, దాఖలు చేయుట వివేకము.

ఒక హెచ్చరిక చేయవలసియున్నది. ఈ సగము లెక్క చట్టము పేర్కొన్న వృత్తులకే. అనువాదము ఆ జాబితాలో పేరుతో లేదు. కావున మేము వచ్చిన సొమ్ము ఒక వైపున, నిఘంటువులకును, కంప్యూటరునకును, విద్యుత్తునకును అయిన ఖర్చు మరియొక వైపున వ్రాసి, మిగిలిన దానిని కళాశాల జీతముతో కలిపి చూపుచున్నాము. ఇంకొక విశేషము. మన దేశములోని సంస్థలు వృత్తివారికి చెల్లించునపుడు పరిమితి దాటినచో పన్ను కొంత ముందుగానే కోసి ప్రభుత్వమునకు జమ కట్టును. విదేశీయుడు అట్లు కోయడు. మొత్తము మన చేతికే ఇచ్చును. ఆ నిండు మొత్తమును చూచి మురిసి ఖర్చు చేసినవాడు సంవత్సరాంతమున తడబడును. పన్ను 10,000 రూపాయలు గాని అంతకు మించి గాని పడునని తోచినచో ముందుగానే చెల్లింపవలెను. సగము లెక్కవారు మార్చి 15 లోపల ఒకే కిస్తుగా కట్టవచ్చును. తక్కినవారు జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల 15వ తేదీల లోపల నాలుగు కిస్తులుగా కట్టవలెను. వచ్చిన ప్రతి మొత్తములో కొంత భాగమును వేరు ఖాతాలో నుంచుట మా అలవాటు. దానిని మేము మా ధనమని ఎన్నడును తలచము.

ఇక సొమ్ము వచ్చు త్రోవను గూర్చి చెప్పుదుము. మా మొదటి అనువాదమునకు ప్రతిఫలముగా 200 డాలర్లు పంపితిమని ప్రచురణకర్త తెలిపెను. మా ఖాతాలో పడినది అంతకు తక్కువ. స్విఫ్ట్ అనునది 1973లో బెల్జియములో స్థాపితమైన సంస్థ. అది సొమ్మును మోయు బండి కాదు, బ్యాంకుల నడుమ సందేశములను చేరవేయు ఏర్పాటు. పంపు బ్యాంకునకును, పుచ్చుకొను బ్యాంకునకును నేరుగా సంబంధము లేనపుడు నడుమ మరియొక బ్యాంకు నిలుచును. అది తన కూలి తాను కోసికొనును. ఆ కూలి ఎవరు భరింపవలెనో తెలుపు గుర్తులు మూడు. 'అవర్' అనినచో పంపువాడు భరించును. 'షా' అనినచో ఇద్దరును పంచుకొందురు. 'బెన్' అనినచో పుచ్చుకొనువాడే భరించును. ఈ మూడింటిలో ఏదో ఒకదానిని పని ప్రారంభమునకు ముందే వ్రాతలో నిర్ణయించుకొనుట మేలు.

కూలి కంటికి కనబడును. కనబడని కోత మారకపు ధరలో నుండును. మార్కెట్టు ధర కన్న డాలరుకు 2 రూపాయలు తక్కువ కట్టినచో, 1,000 డాలర్లకు 2,000 రూపాయలు రసీదులో పేరైనను లేక పోవును. కావున బ్యాంకులను, ఇతర చెల్లింపు సంస్థలను పోల్చునపుడు రుసుమును మాత్రమే చూడక, తుదకు చేతికందు రూపాయలను చూడవలెను. విదేశీ చెల్లింపులను చేరవేయు సంస్థలు నేడు పెక్కు. పేపాల్ సంస్థ 2021 ఏప్రిల్ 1 నుండి మన దేశములో దేశీయ చెల్లింపులను మాని, విదేశముల నుండి వచ్చు చెల్లింపులకే పరిమితమైనది. ఇట్టి సంస్థలకు రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరు 31న ప్రత్యేక అనుమతి నియమములను ఏర్పరచినది. ఎవరి ద్వారా తెప్పించుకొన్నను, సొమ్ము విదేశము నుండి వచ్చినదని తెలుపు బ్యాంకు పత్రమును అడిగి తీసికొని దాచుకొనవలెను. గల్ఫ్ దేశములవారు తరచు 'ఐబాన్' సంఖ్య అడుగుదురు. మన దేశములో ఐబాన్ లేదు. ఖాతా సంఖ్యను, బ్యాంకు స్విఫ్ట్ కోడును ఇచ్చిన సరిపోవును.

మా పట్టణములోని యొక బ్యాంకు శాఖలో జరిగిన సంగతి చెప్పవలెను. విదేశము నుండి వచ్చు ప్రతి మొత్తమునకును అది ఏ నిమిత్తము వచ్చినదో తెలుపు కోడు ఒకటి వ్రాయుదురు. మా అనువాద ప్రతిఫలమునకు ఆ శాఖలోని గుమాస్తా పీ1301 అని వ్రాసెను. అది ప్రవాస భారతీయులు కుటుంబ పోషణకును, పొదుపునకును పంపు సొమ్మునకు గుర్తు. "మన ఊరికి వచ్చేదంతా అదే కద సార్!" అని ఆయన నవ్వెను. ఆయన మాటలో ద్వేషము లేదు; కొన్ని దశాబ్దములుగా ఆ కిటికీ వద్దకు వచ్చిన ప్రతి దీనారును కుటుంబ పోషణమే గనుక చేయి దానికి అలవాటు పడినది. కాని ఆ నాలుగు అంకెలు మా పనిని దానముగా మార్చివేసినవి. ఇన్‌వాయిసును, ఒప్పందమును చూపి వృత్తి సేవకు తగిన కోడు వ్రాయించుకొనుటకు మాకు మూడు దినములు పట్టెను. సాఫ్ట్‌వేర్ సలహా సేవలకు పీ0802 అను కోడు కలదు. విద్యార్థులు తమ పనికి తగిన కోడును ముందే తెలిసికొని పోవుట మంచిది. ఊరు మారినదని బ్యాంకు కిటికీకి తెలుపవలసినవారు మనమే.

ఇన్‌వాయిసు అను మాటకు భయపడనక్కర లేదు. వరుస సంఖ్య, తేదీ, ఇరువురి పేర్లు, చిరునామాలు, చేసిన పని వివరము, మొత్తము, ద్రవ్యము పేరు, చెల్లింపు గడువు, బ్యాంకు వివరములు ఉన్న ఒక్క పుట చాలును. దానికి ముందు ఒప్పందము ఉత్తరము రూపమున నున్నను చాలును. ఒక విదేశీ సంస్థ మా చేత నవల యొకటి అనువదింపజేసి, సగము సొమ్ము ముందుగా ఇచ్చి, గ్రంథము చేతికందిన పిమ్మట మారుమాట పలుకలేదు. ముందు పుచ్చుకొన్న సగమే మాకు దక్కెను. సముద్రమునకావల నున్నవానిపై వ్యాజ్యము వేయుట మా వంటివారికి సాధ్యము కాదు. కావున కొంత సొమ్ము ముందుగా పుచ్చుకొని, పనిని భాగములుగా అప్పగించుటయే చిన్నవానికి రక్షణ.

అమెరికావారికి పని చేయువారిని డబ్ల్యు-8 బెన్ అను పత్రము నింపుమని అడుగుదురు. దానిని చూచి భయపడి పని వదలుకొన్న విద్యార్థిని మేమెరుగుదుము. అది పన్ను నోటీసు కాదు. తాను అమెరికా పౌరుడు గాని నివాసి గాని కానని తెలుపు ప్రకటన మాత్రమే. విదేశీ పన్ను సంఖ్య అడిగిన చోట మన పాన్ సంఖ్య వ్రాయవలెను. అమెరికా బయట కూర్చుండి చేసిన సేవకు వచ్చు ప్రతిఫలము ఆ దేశములో పుట్టిన ఆదాయము కాదు గనుక అక్కడ పన్ను కోయరు. ఇక్కడను చట్టము చూచునది పని చేసిన చోటునే యని గమనింపుడు. సంతకము చేసి పని ఇచ్చినవారికే పంపవలెను. సాధారణముగా అది సంతకము చేసిన సంవత్సరము తరువాతి మూడవ సంవత్సరాంతము వరకు చెల్లును.

వస్తు సేవల పన్ను, అనగా జీఎస్టీ, మరియొక భయస్థానము. మన రాష్ట్రములో సేవలు చేయువాని వార్షిక వసూళ్లు 20 లక్షలు దాటువరకు నమోదు అక్కర లేదు. రాష్ట్రము దాటి సేవ చేయువారు మొదట తప్పక నమోదు కావలసియుండెను. 2017 అక్టోబరు 13 నాటి ప్రకటన చిన్నవారికి ఆ బాధ తప్పించినది. 20 లక్షలు దాటినచో నమోదు కావలెను. ఎగుమతి వసూళ్లును ఆ మొత్తములో చేరును. అయితే, సేవ పొందువాడు విదేశములో నుండి, సొమ్ము విదేశీ మారకములో వచ్చి, చట్టము చెప్పిన తక్కిన నిబంధనలు తీరినచో అది సేవల ఎగుమతి. దానిపై పన్ను రేటు సున్న. ఎల్.యు.టి. అను హామీ పత్రమును ప్రతి ఆర్థిక సంవత్సరమునకు దాఖలు చేసినచో, పన్ను కట్టకయే ఎగుమతి చేయవచ్చును. సొమ్ము విదేశము నుండి వచ్చినదని చూపు బ్యాంకు పత్రము ఇక్కడ మరల అక్కరకు వచ్చును. హుండీవాని చేతి సొమ్ము ఎగుమతి యని ఎవడును నిరూపింపజాలడు.

ఇంతవరకు చట్టము. ఇప్పుడు ఇంటిలోని మాట యొకటి. బొమ్మలు గీయు విద్యార్థిని సంపాదన రెండేండ్లు తండ్రి ఖాతాలో పడుచుండెను. ఆయన మంచివాడు, కుమార్తె చదువునకు ఎన్నడును అడ్డు చెప్పలేదు. మేము ఈ విషయమెత్తగా, "మాస్టర్ సాబ్, ఇంట్లో అందరి దుడ్డు ఒకటే కదా! ఆ బిడ్డకు వేరే ఖాతా ఎందుకు?" అనెను. మేమిట్లు సమాధానమిచ్చితిమి: "ఖర్చు చేసేటప్పుడు ఒకటే భాయ్. లెక్క చెప్పేటప్పుడు ఎవరిది వారిదే. బిడ్డ గీసిన బొమ్మలకు మీరు జవాబు చెప్పాల్సి వస్తుంది. రేపు పైచదువుకు ఋణం కావాల్సి వస్తే, నేను సంపాదించాను అని చెప్పడానికి ఆమె దగ్గర ఏముంటుంది?" ఆయన కొంతసేపు ఆలోచించెను. మరుసటి వారమే కుమార్తెను వెంటబెట్టుకొని బ్యాంకుకు పోయెను. పాన్ కార్డు వచ్చెను, ఖాతా తెరువబడెను. తన పేరున వచ్చిన మొదటి బ్యాంకు పత్రమును ఆమె తండ్రికే ఇచ్చి భద్రపరుపుమని కోరెను. ఆయన దానిని తన పాత కువైటు వీసా కాగితములున్న సంచిలో పెట్టెను. ఇంటి బయటికి పోయి పని చేయుటకు వీలుపడని బాలికలు మా కళాశాలలో తక్కువ కారు. వారి కష్టము వారి పేరున నిలుచుటకు ఈ కాగితము కన్న దగ్గరి సాధనము మాకు కనబడదు.

పాలకవర్గము వారికి మా విన్నపములు మూడు. డిగ్రీ చివరి సంవత్సరము ముగియులోపల ప్రతి విద్యార్థికిని, విద్యార్థినికిని స్వంత పేరున పాన్ కార్డు, బ్యాంకు ఖాతా ఉండునట్లు చూడవలెను. సంవత్సరమునకొకమారు వాణిజ్యశాస్త్ర విభాగము వారి చేత రెండు దినముల శిక్షణ ఇప్పించి, ఇన్‌వాయిసు వ్రాయుట, బ్యాంకు పత్రము చదువుట, రిటర్ను దాఖలు చేయుట చేతితో చేయించి నేర్పవలెను. ఈ నియమములను సులభ భాషలో ఒక చిన్న పుస్తకముగా అచ్చు వేయింపవలెను. తెలుగు ప్రతిని మా విభాగము వ్రాయును. ఉర్దూ ప్రతిని ఉర్దూ విభాగము వారు వ్రాయుదురని ఆశించుచున్నాము. రేట్లు, పరిమితులు ఏటేట మారును గనుక ప్రతి బడ్జెట్టు పిమ్మట సరిదిద్దవలసియుండును. దీనికగు వ్యయము స్వల్పము.

విద్యార్థినీ విద్యార్థులారా! మీ తండ్రులు దేశము విడిచిపోయి, ఎడబాటు అను పన్నును చెల్లించి మీకు విద్యనిచ్చిరి. మీకు ఆ ఎడబాటు లేకయే విదేశముల పని ఇంటికి వచ్చుచున్నది. ఇది అల్లా దయ యని కొందరందురు, కాలము తెచ్చిన భాగ్యమని కొందరందురు. ఏ పేరు పెట్టినను దానిని కాపాడుకొనుట మీ చేతిలోనిదే. చేసిన ప్రతి పనికి ఇన్‌వాయిసు వ్రాయుడు. వచ్చిన ప్రతి మొత్తమును బ్యాంకు త్రోవనే రానిండు. పడిన పన్ను చెల్లింపుడు. పడనిచో పడలేదని వ్రాతలో చూపుడు. రేపు ఇల్లు కట్టుకొనునపుడు, తోబుట్టువును చదివించునపుడు, మీ కష్టము పక్షమున మాటాడునది ఆ కాగితమే.